రక్తపు బొట్టు చెప్పు సాక్ష్యము



మాది పులివెందుల సీమలోని లింగాల. చిన్ననాడు అరటితోటలో గెల కోయుచుండగా కొడవలి తగిలి నా వ్రేలు తెగినది. నిలిచియున్న చోట కడపరాతి బండపై పడిన బొట్లు కాసులవలె గుండ్రముగా నుండెను. ఇంటికి పరుగెత్తినపుడు వసారాలో పడినవి కోలగా, నేను పోవు దిక్కునకు తోకలు సాచి యుండెను. కారణము నాడు తెలియలేదు. నేడు మనవి చేసెదను.

రక్తము వట్టి నీరు గాదు. అందు నూటికి సుమారు 40 నుండి 45 పాళ్లు ఎఱ్ఱకణములే. అది నీటికన్న 1.06 రెట్లు బరువు, నాలుగైదు రెట్లు చిక్కన. వేగముగా కదలినపుడు కొంత పలుచబడును. పైపొరకు గల బిగువును తలతన్యత యందురు. దానివలననే రాలు బొట్టు గుండుగా నుండును. ఆ గుండు నున్నని బండపై పడిన అంచు చక్కగా నిలుచును; గరుకు నేలపై పడిన అంచు ముండ్లుదేరును.

ఏటవాలుగా తగిలిన బొట్టు కోలయగును. దాని వెడల్పును పొడవుచే భాగించిన, తగిలిన కోణముయొక్క సైను విలువ వచ్చును. వెడల్పు పొడవులో సగమైన, కోణము 30 డిగ్రీలు. 1939లో ఫ్రాన్సుదేశపు బల్తజార్ మొదలగువారు ఈ లెక్కను ప్రకటించిరి. ఇట్టి కోణములను బట్టి దారములు కట్టి, రక్తము చిమ్మిన తావును వెదకుదురు.

ఇచటనే జాగ్రత్త వలయును. దారము తిన్ననిది, బొట్టు నడచిన త్రోవ వంపుగలది. కావున దారము చూపు ఎత్తు నిజముకన్న హెచ్చు కావచ్చును. కొట్టినపుడు మనిషి నిలిచియుండెనా, పడియుండెనా యను ప్రశ్నకు జవాబు ఈ ఎత్తుపైననే యాధారపడవచ్చును. ఒకని ప్రాణమో, స్వేచ్ఛయో ఆ జవాబుపై నిలుచును. ఈ విద్యయందలి అనిశ్చితి మిక్కిలి గొప్పదని 2009లో అమెరికా జాతీయ విజ్ఞాన పరిషత్తు హెచ్చరించినది.

2019 మార్చి 15న పులివెందులలో మాజీ మంత్రి వై.యస్. వివేకానందరెడ్డిగారు స్వగృహమున విగతజీవులై కనబడిరి. మొదట గుండెపోటని వినవచ్చెను. గాయములు బయటపడిన పిమ్మట అది హత్యకేసయ్యెను. నెత్తురు మఱకలు కడిగివేయబడినవని దర్యాప్తుదారులు ఆరోపించిరి. దోషనిర్ణయము న్యాయస్థానముది, నేనందు జొరబడను.

నా విన్నప మొక్కటే. అట్టి చోట నెత్తురు కనబడిన, దయదలచియైనను కడుగకుడు, త్రొక్కకుడు. గాయపడినవానిని కాపాడుడు, తక్కినదెల్ల పోలీసులు వచ్చువఱకు ఉన్నదున్నట్లు విడువుడు. కడిగిన బండ దోషిని పట్టియియ్యదు, నిర్దోషిని విడిపింపదు.