పిట్టల ఇలాకాలో తుపాకీ లైసెన్సు

సూళ్లూరుపేట, దొరవారిసత్రం వైపు ఎవరైనా తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెడితే పోలీసు విచారణ ఒక్కటే సరిపోదు. అటవీశాఖ కూడా సరే అనాలి. అభయారణ్యానికి పది కిలోమీటర్ల లోపు కొత్త ఆయుధ లైసెన్సు ఇవ్వాలంటే రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి ముందే ఉండాలని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 34వ సెక్షన్ చెబుతోంది. ఈ వైపున్న నేలపట్టు, పులికాట్ రెండూ 1976లో పక్షుల అభయారణ్యాలయ్యాయి. 2022లో ఈ ప్రాంతాన్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, నెల్లూరు తీరమంటే ఇప్పటికీ జనానికి గుర్తొచ్చేది పులికాట్ ఉప్పునీటి సరస్సే.

మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలో ఆయుధం రాజ్యాంగం ఇచ్చిన హక్కు, అదీ 1791 నుంచి. ఇక్కడ అది సర్కారు దయ. 21 ఏళ్లు నిండాలి, ఎందుకో చెప్పాలి, కలెక్టరు ఒప్పుకోవాలి. మూడు తుపాకుల దాకా ఉంచుకోవచ్చన్న వెసులుబాటును 2019 సవరణ రెండుకు కుదించింది. అయినా 1959 ఆయుధాల చట్టానికి రైతంటే కాస్త మెత్తదనం ఉంది. పంట కాపలాకు మందు కూరి పేల్చే తుపాకీ అడిగితే దాన్ని సరైన కారణంగానే లెక్కిస్తుంది.

ఇంత పకడ్బందీ కట్టడిలోనూ ఎయిర్‌గన్‌కు దారి మిగిలింది. గొట్టం లోపలి వ్యాసం 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ దాటకపోతే 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సే అక్కర్లేదు. మనిషికి అది ఆటవస్తువు కావచ్చు, నీటికోడికి మాత్రం చావే. అభయారణ్యంలోకి దాన్ని తీసుకెళ్లడం నేరమే. వన్యప్రాణి చట్టం దృష్టిలో తుపాకీతో పాటు వల, ఉచ్చు, విషం కూడా ఆయుధాలే మరి. (పులికాట్ జాలరి భుజాన ఉన్న వలను ఏమనాలో చట్టం రాసినవాళ్లు ఆలోచించినట్టు లేదు.) కానీ అభయారణ్యం హద్దు బయట పొలంగట్టు మీద ఎయిర్‌గన్ పట్టుకున్న కుర్రాణ్ని ఆపడానికి కానిస్టేబుల్ చేతిలో ఏ కాగితమూ లేదు. పిట్ట పడ్డాక పెట్టే కేసు తప్ప.

అందుకే నాకు సెక్షన్ల కన్నా నేలపట్టు ఊరివాళ్ల మీద నమ్మకం ఎక్కువ. గూడబాతుల రెట్ట కలిసిన చెరువునీళ్లు పైరుకు ఎరువని తెలిసి, అభయారణ్యం ప్రకటించకముందు నుంచే గూళ్ల జోలికి ఎవరినీ పోనివ్వలేదు వాళ్లు. లాభం కళ్ల ముందుంటే కాపలా దానంతటదే వస్తుంది.

అరుణాచల్ ప్రదేశ్ 2021లో ఎయిర్‌గన్‌లు అప్పగించమని జనాన్ని అడిగింది. శిక్ష మాటే లేకుండా రెండు వేలకు పైగా వచ్చి చేరాయి. సూళ్లూరుపేటలో ఫ్లెమింగో పండగ జరిగినప్పుడు స్టాళ్ల మధ్య అటవీశాఖ ఒక బల్ల వేసుకుని, తెచ్చినవాళ్లను పేరైనా అడక్కుండా ఎయిర్‌గన్‌లు తీసుకోవచ్చు. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక గుమాస్తా, ఒక గోనెసంచి చాలు.