మట్టి యాళి

ఏనుగు తొండం. సింహం ఒళ్లు. బయటికి పొడుచుకొచ్చిన కోరలు. ఇట్లాంటి జంతువు ఏ అడవిలోనూ లేదు. దీని పేరు యాళి. పాత గుళ్ల స్తంభాల మీద రాతి యాళులు కనబడతాయి. మనిషి ఊహలో పుట్టిన ఈ జంతువును మట్టితో కూడా చేయవచ్చు. దానికి కుమ్మరి సారె అక్కరలేదు.

సారె మీద గుండ్రటివే వస్తాయి. కుండ, కడవ, గురిగి, ప్రమిద. తొండం, కాళ్లు, తోక చేత్తోనే చేయాలె. చాలా చోట్ల సారె ఆడవాళ్లు తిప్పొద్దు అంటారు. మట్టి మోసుడు, రాళ్లు ఏరుడు, కుండలకు రంగులు వేసుడు మాత్రం వాళ్ల పనే. పేరు సారె తిప్పినోళ్లకు! చేతి బొమ్మకు ఆ అడ్డు లేదు.

పాత మట్టి బొమ్మలు చూడాలంటే జోగిపేట వాళ్లు దూరం పోనక్కరలేదు. సంగారెడ్డి జిల్లాలోనే కొండాపూర్ ఉంది. అక్కడి దిబ్బను 1940లలో తవ్వారు. సుమారు 2,000 ఏండ్ల కిందటి, శాతవాహనుల కాలపు ఊరు బయటపడింది. నాణేలు, పూసలు, మట్టి బొమ్మలు దొరికాయి. కొన్ని బొమ్మలు సన్నటి తెల్లమట్టివి. ముందు సగం ఒక అచ్చులో, వెనుక సగం ఇంకో అచ్చులో ఒత్తి రెండింటినీ అతికించారు. లోపల బోలుగా వదిలారు. అక్కడి మ్యూజియంలో వాటిని చూడవచ్చు.

బోలుగా ఎందుకు? గట్టి ముద్దతో చేస్తే పైన ఆరుతుంది, లోపల తడి ఉండిపోతుంది. ఆవంలో పెడితే ఆ తడి ఆవిరి అవుతుంది. నీరు ఆవిరైతే వెయ్యి రెట్లకు పైగా చోటు కావాలె. దారి దొరకక బొమ్మను పగలగొడుతుంది. లోపల గాలి ఉండి పగిలిందని అంటుంటారు. అసలు దొంగ తడి. పది రోజుల కష్టం ఒక్క చప్పుడుతో పోతుంది.

అందుకే యాళి కడుపు ఖాళీగా ఉండాలె. గోడ బొటనవేలు మందం దాటొద్దు. కడుపు కింద చిన్న బెజ్జం పెట్టాలె. చెరువు మట్టిలో సన్న ఇసుక కలిపితే ఆరేటప్పుడు నెర్రెలు తక్కువ వస్తాయి. తొండం అతికించే చోట రెండు వైపులా పుల్లతో గీరాలె. గంజిలాగ కలిపిన మట్టి పూసి అదమాలె. ఊరికే అంటిస్తే ఆరినాక ఊడిపోతుంది. ఎండలో పెట్టొద్దు. సన్నటి తొండం ముందు ఆరి, లావు ఒళ్లు వెనక ఆరితే అతుకు దగ్గర పగులు వస్తుంది. నీడలో, తడిగుడ్డ కప్పి, మెల్లగా ఆరబెట్టాలె.

ఆవంలో మొదట సెగ చిన్నగా ఉండాలె. మిగిలిన తడి పోయినాకనే మంట పెంచాలె. ఊరి ఆవంలో వేడి సుమారు 700 నుంచి 900 డిగ్రీలు ఉంటుంది. పింగాణీకి 1,200 డిగ్రీలకు పైగా కావాలె, దానికి వేరే మట్టి, వేరే బట్టీ ఉండాలె. చెరువు మట్టిలో ఇనుము ఉంటుంది. గాలి బాగా ఆడితే యాళి ఎర్రగా వస్తుంది. గాలి ఆడకుండా పొగ పట్టిస్తే నల్లగా వస్తుంది.

మంట ఆరిందని ఆవం వెంటనే విప్పొద్దు. ఒక రాత్రి ఆగాలె. వేడి బొమ్మకు చల్లగాలి తగిలితే చెవి దగ్గరో, తోక దగ్గరో నెర్రె పడుతుంది.