పెద్దపేగు క్యాన్సర్: ఇంట్లో దాచకూడని మాట

పెద్దపేగు క్యాన్సర్ ఒక్కరోజులో పుట్టేది కాదు. సాధారణంగా పేగు లోపొరలో కణాల పెరుగుదలకు కళ్లెం వేసే ఏపీసీ జన్యువు మొదట దెబ్బతిని, పాలిప్ అనే చిన్న పిలక మొలుస్తుంది. తరువాత కేరాస్, టీపీ53 వంటి జన్యువులూ చెడితే అది క్యాన్సర్ అవుతుంది. ఇందుకు తరచుగా పదేళ్లకు పైగా పడుతుంది.

అధికశాతం మందిలో ఈ మార్పులు వయసుతో వచ్చేవే. కొన్ని కుటుంబాల్లో మాత్రం లోపమున్న జన్యువు పుట్టుకతోనే సంక్రమిస్తుంది. తల్లికో తండ్రికో లించ్ సిండ్రోమ్ ఉంటే, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. మన ఇళ్లలోనేమో, అమ్మాయి సంబంధాలు చెడిపోతాయన్న భయంతో, అబ్బా ఏ జబ్బుతో పోయారో పిల్లలకే చెప్పరు. కడుపునొప్పి అనేస్తారు! తీరా కొడుకు నలభై దాటకముందే నెత్తురు పడుతున్నా మొలలనుకొని ఊరుకుంటాడు. లించ్ ఉన్నవారికి కొలనోస్కోపీని సాధారణంగా 20–25 ఏళ్ల నుంచే మొదలుపెడతారు. కనబడిన పాలిప్‌ను చాలావరకు అప్పుడే తీసివేస్తారు.