మీది ఏ ఊరు?

పిల్లలూ! ఇద్దరు తెలుగువారు కలిసినప్పుడు మొదట "మీది ఏ ఊరు?" అంటారు. ఆ వెంటనే "మీ ఇంటిపేరు ఏమిటి?" అని అడుగుతారు. మారిషస్‌లో పుట్టిన మీకు ఈ రెండు ప్రశ్నలూ చిక్కుగానే ఉంటాయి. మీలో చాలామంది ఇంట్లో క్రియోల్ మాట్లాడుతారు. బడిలో ఇంగ్లీషు, ఫ్రెంచి చదువుతారు. తెలుగు తరగతిలో మాట తడబడితే "నేను నిజంగా తెలుగు బిడ్డనేనా?" అని అనిపించవచ్చు. ఆంధ్రదేశం చూడబోతే అక్కడివారు మిమ్మల్ని పరదేశీయులు అనుకోవచ్చు. మరి మీరు ఎక్కడివారు? మన పూర్వుల సంగతి తెలుసుకొందాం.

1834 నుండి సుమారు 1920 వరకు నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా ఈ దీవికి వచ్చారు. చెరకు తోటలలో చెమటోడ్చి పని చేశారు. వారు ఎక్కిన 16 రాతి మెట్లు పోర్ట్ లూయీలోని ఆప్రవాసీ ఘాట్‌లో నేటికీ ఉన్నాయి. 2006లో యునెస్కో ఆ చోటును ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది.

వచ్చినవారిలో గోదావరి, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువారు ఉన్నారు. కాకినాడ దగ్గర కోరంగి అనే రేవు ఉండేది. ఆ రేవు పేరు మీదనే ఇక్కడ తెలుగువారిని "కోరంగీలు" అన్నారు. 1839 నాటి తుఫానులో కోరంగి దెబ్బతిన్నది. రేవు పోయినా పేరు మాత్రం మనవారితో నిలిచింది.

ఓడ దిగినవారి పేరు, తండ్రి పేరు, ఊరు గుమాస్తాలు తమ చెవికి వినబడినట్లు వ్రాసుకొన్నారు. అందువల్ల ఎన్నో పేర్లు రూపు మారాయి. చాలా కుటుంబాలలో అలా వ్రాసిన తాతముత్తాతల పేరే తరువాతివారికి ఇంటిపేరయింది. కనుక మీ ఇంటిపేరు ఆంధ్రలోని ఇంటిపేర్ల వలె లేదని చిన్నబుచ్చుకోకండి. అది సముద్రం దాటి వచ్చిన ఒక మనిషి పేరు కావచ్చు. ఆనాటి పుస్తకాలు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి.

ఆ కూలీలు ధనం తేలేదు. రామభజన తెచ్చారు, ఉగాది తెచ్చారు. పగలంతా చెరకు నరికి, రాత్రి భజనలో తెలుగును నిలిపారు. నేడు ఉగాది ఈ దేశమంతటికీ సెలవుదినం.

కృష్ణుని దేవకి కన్నది, యశోద పెంచింది. ఆయన ఇద్దరికీ బిడ్డే. ఒక తల్లిని ప్రేమిస్తే రెండవ తల్లికి లోటు రాదు. మారిషస్ మీ దేశం. తెలుగు మీ పూర్వులు మీకిచ్చిన సొత్తు. మాట తడబడినంత మాత్రాన ఆ సొత్తు పోదు. మాట్లాడడం మానితేనే పోతుంది.

ఈ వారం మీ తాతను, అవ్వను అడిగి, వారి పెద్దల పేర్లు, ఊర్లు తెలుగులో వ్రాసి తీసుకొని రండి. ఇకమీదట "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగితే, ముందు మీరు పుట్టిన ఊరు చెప్పండి. తరువాత మీ పూర్వుల ఊరు చెప్పండి. రెండూ మీవే.