త్రో ఎవరిది?

మన డిగ్రీ కాలేజీల్లో విలువలకు ఒక పేపరే ఉండేది. 2015-16లో ఛాయిస్ బేస్డ్ క్రెడిట్ విధానం వచ్చినప్పుడు ‘మానవ విలువలు, వృత్తి నైతికత’ను ఫౌండేషన్ కోర్సుగా పెట్టారు. తిరుపతిలోనైతే దేవస్థానం వాళ్లు ‘శుభప్రదం’ పేరిట విద్యార్థులకు వేసవి తరగతులు కూడా నడిపారు. వీటిని తీసిపారేయనక్కర్లేదు. కాకపోతే పొద్దున ఆ పేపర్లో నిజాయితీ గురించి రెండు పేజీలు నింపిన కుర్రాడే సాయంత్రం గ్రౌండుకొస్తాడు. బంతి తన బూటుకు తగిలే గీత దాటిందని అతనికి తెలుసు. అయినా చెయ్యి పైకెత్తి ‘త్రో మాదే’ అని అరుస్తాడు. అవతలి వాడూ అరుస్తాడు. అడ్డం తిరిగి వాదించినవాడికే త్రో దక్కితే, పీడీ (ఫిజికల్ డైరెక్టర్) సార్ చూసీ చూడనట్టు ఊరుకుంటే, ఆ పూట నైతికత పాఠం అక్కడికి పూర్తయినట్టే. కాలేజీ ఫుట్‌బాల్లో నడవడిక నేర్పాలంటే ఉపన్యాసం పనికిరాదు. ఆట నడిపే పద్ధతిలోనే దాన్ని పెట్టాలి.

ఆటలాడితే గుణం దానంతటదే వస్తుందనే నమ్మకం మనకు బ్రిటిష్ వాళ్ల బడుల నుంచి వచ్చింది. దానికి ఆధారం మాత్రం అంత గట్టిగా లేదు. క్రీడాకారుల మనస్తత్వాన్ని ఏళ్ల తరబడి పరిశీలించిన అమెరికన్ పరిశోధకులు ఓగిల్వీ, టట్కో 1971లోనే తేల్చి చెప్పారు: గుణం పెంచాలనుకుంటే ఇంకేదైనా దారి చూసుకోండి అని. ఇడాహో విశ్వవిద్యాలయంలో షారన్ స్టోల్, జెనిఫర్ బెలర్ జరిపిన అధ్యయనాల్లోనూ నైతిక ఆలోచనకు సంబంధించిన పరీక్షల్లో ఆడేవాళ్లు ఆడనివాళ్లకంటే వెనకబడ్డారు. అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ వేరే ఆట, రగ్బీకి దగ్గరి చుట్టం. అయినా విలువల బోధనను అంతగా ప్రచారం చేసుకున్న ఆట ఇంకొకటి లేదేమో. చదువూ శీలమూ కలిసిన జట్టుగా పేరుపడ్డ పెన్ స్టేట్‌లో మాజీ సహాయ కోచ్ పిల్లలపై లైంగిక అత్యాచారాల కేసులో 2011లో అరెస్టయ్యాడు. పదేళ్ల ముందే చెవిన పడిన సంగతిని విశ్వవిద్యాలయ పెద్దలు పోలీసులకు చెప్పలేదని బయటపడింది. మరుసటి ఏడు విశ్వవిద్యాలయానికి 6 కోట్ల డాలర్ల జరిమానా పడింది. గోడమీద రాసుకున్న నీతులు అక్కడ ఏ పిల్లవాణ్నీ కాపాడలేదు.

మన ఫుట్‌బాల్‌కైతే మరో చిక్కుంది. గోల్స్ తక్కువ పడే ఆట. ఒక్క పెనాల్టీతో మ్యాచ్ తారుమారవుతుంది. కాబట్టి పెనాల్టీ బాక్సులో ఊరికే పడిపోయి నటించేవాడికి లాభం ఎక్కువ. క్రికెట్‌లో ఒక్క తప్పుడు అప్పీల్ వల్ల పోయేది మామూలుగా ఒక్క వికెట్టే.

మరి పద్ధతిలో పెట్టడమంటే ఏమిటి? దీనికి హైదరాబాద్ వైపు చూడాలి. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిపెట్టిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. కుర్రాళ్లకు ఆయన డ్రిబ్లింగ్ చేయకూడని పోటీలు, బలం తక్కువున్న కాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టేవారు. ఇవి నైపుణ్యం కోసం పెట్టినవే. కానీ వాటిలో ఇంకోటి కూడా ఉంది. బంతిని అట్టిపెట్టుకునే వీల్లేనప్పుడు పక్కవాడికి ఇవ్వక తప్పదు, ఆ పక్కవాడెవరైనా సరే. ‘స్వార్థం వద్దు’ అని ఎవరూ చెప్పనవసరం లేకుండా ఆ పని నియమమే చేస్తుంది. అమ్ముగూడ పేద కుర్రాడు తులసీదాస్ బలరామ్‌కు ప్రాక్టీసుకు రావడానికి దారిఖర్చులు లేవంటే సైకిలు అద్దెకు డబ్బులిచ్చి రప్పించారట. అదీ జట్టు నడిపే పద్ధతిలో భాగమే.

మన జిల్లాల కాలేజీల్లో అన్నిటికంటే ముందు పట్టించుకోవాల్సింది కులం. హాస్టల్ గదుల్లో, క్యాంటీన్ బల్లల దగ్గర ఎవరి గుంపు వారిదే. ఆట దీన్ని మారుస్తుందా? ఆర్థికవేత్త మాట్ లో ఉత్తరప్రదేశ్‌లో 1,261 మంది యువకులతో ఒక ప్రయోగం చేశాడు. కొందరిని నెలరోజుల క్రికెట్ లీగుల్లో ఆడించాడు, కొందరిని పోలికకోసం పక్కనుంచాడు. ఒకే జట్టులో కలిసి ఆడిన వేర్వేరు కులాల వాళ్ల మధ్య స్నేహాలు పెరిగాయి. ప్రత్యర్థులుగా తలపడితే ఆ మేలు లేకపోగా కొంత చెరుపే జరిగింది. అంటే బ్రాంచీల వారీగానో ఊళ్ల వారీగానో ఎవరి జట్టును వాళ్లు కట్టుకుని ఆడితే ఉన్న గోడే ఇంకా గట్టిపడవచ్చు. జట్లను పీడీ కలిపి వేయాలి, స్నేహితులకు వదిలేయకూడదు.

ఇక్కడే ఒక జాగ్రత్త చెప్పుకోవాలి. ఇరాక్‌లో ఐసిస్ దాడులకు నిలువ నీడ కోల్పోయిన క్రైస్తవ యువకులను సల్మా మూసా అనే పరిశోధకురాలు ముస్లింలున్న ఫుట్‌బాల్ జట్లలో వేసి చూసింది. 2020లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం లీగ్‌లోని ముస్లిం ఆటగాళ్ల పట్ల వాళ్ల తీరు మారింది, ఆరు నెలల తర్వాత కూడా కలిసి సాధన చేశారు. కానీ లీగ్ బయటి ముస్లింలతో మెలిగే తీరులో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. గ్రౌండులో నేర్చింది గ్రౌండు గేటు దాటాలంటే హాస్టల్‌లోనూ అదే పద్ధతి ఉండాలన్నమాట. జూనియర్లతో బ్యాగులు మోయించి, బూట్లు తుడిపించే జట్టు ‘టీం స్పిరిట్’ గురించి ఎంత చెప్పినా 1997 నాటి ర్యాగింగ్ నిషేధ చట్టం దృష్టిలో అది నేరం అంచున ఉన్నట్టే.

మంచి ప్రవర్తనకు మార్కులేస్తే సరిపోదా అని కొందరంటారు. 2018 ప్రపంచ కప్‌లో అదే జరిగింది. పాయింట్లు, గోల్స్ అన్నీ సమానమైతే పసుపు కార్డులు తక్కువున్న జపాన్ ముందుకెళ్లింది, సెనెగల్ ఇంటికెళ్లింది. చివరి పది నిమిషాలు జపాన్ ఓడుతూనే బంతిని వెనక్కీ పక్కకీ తోసుకుంటూ కాలం గడిపింది, స్టేడియం ఈలలేసింది. మార్కు మంచితనాన్ని కూడా ఎత్తుగడగా మార్చేస్తుంది. కొలంబియాలోని మెడెయిన్‌లో 1990లలో పుట్టిన పద్ధతి మేలు. అక్కడ ఆటకు ముందు రెండు జట్లూ కూర్చుని నియమాలు ఒప్పుకుంటాయి, రిఫరీ లేకుండా ఆడతాయి, ఆట అయ్యాక ఒప్పందం ఎవరెంత పాటించారో మాట్లాడుకుంటాయి. అక్కడా పాయింట్లున్నాయి, కానీ అవి ముఖాముఖి మాట్లాడుకున్నాకే పడతాయి. అంతర్‌విశ్వవిద్యాలయ టోర్నీలో ఇది కుదరదు నిజమే. వారానికోసారి ప్రాక్టీసులో కుదురుతుంది.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. ఎవరి విలువలు? నడవడిక పేరుతో ఆడపిల్లల నిక్కర్ల మీద, ఎవరు ఎవరితో మాట్లాడారన్న దాని మీద పెత్తనం మొదలవుతుందన్న భయం ఉత్తుత్తిది కాదు. అందుకే హద్దు గీసుకోవాలి: కొట్టకూడదు, తిట్టకూడదు, మోసం చేయకూడదు, ఎవరినీ తక్కువ చేయకూడదు. అంతకు మించింది పీడీ పని కాదు.

ఇక గెలుపు సంగతి. జట్టుకు పదకొండు మంది. స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ మీద ఆశ పెట్టుకున్న పేద పిల్లలు అందులో ఉంటారు, వాళ్లకు ఓటమి ఖరీదైనది. ఈ వాదనకు నా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే రిఫరీని బూతులు తిట్టిన స్ట్రైకర్‌ను పీడీ సెమీఫైనల్‌కు పక్కన పెట్టాడనుకోండి, జట్టు ఓడిపోయిందనుకోండి. మర్నాడు ప్రిన్సిపాల్ గదిలో పీడీకి ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘కప్పు ఎందుకు పోయింది’ అన్నదైతే, వచ్చే ఏడు ఆ స్ట్రైకర్ ఎంత తిట్టినా మొదటి పదకొండులోనే ఉంటాడు.