తెరచాప పడవకు విద్యుత్ మోటారు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల శ్రోతలకు తెరచాప పడవను గూర్చి చెప్పబూనుట సాహసమే. మన పెన్న, చిత్రావతులలో సంవత్సరమున అధిక భాగము కనబడునది ఇసుకయే గాని నీరు కాదు. చెరువు నిండిన యేడు చేపలు పట్టువారి పుట్టి తప్ప వేరొక నావ ఇచ్చట అరుదు. అయినను ఈ విషయములో సగము మనవారికి చక్కగా తెలిసినదే. ఆ సగము మోటారు. బోరుబావికి బిగించిన 5 హార్స్ పవర్ మోటారు ఎట్లు నడచునో, వోల్టేజి తగ్గినపుడు ఎట్లు మూలుగునో, ఎప్పుడు కాలిపోవునో మన రైతు వేరొకరిని అడుగనక్కరలేదు.

గాలిచే నడచు పడవకు మోటారు ఏల యని కొందరు అడుగవచ్చును. గాలి పడిపోయినపుడు, ఇరుకు త్రోవన రేవులోనికి వచ్చునపుడు, పోటుకు ఎదురు పోవలసినపుడు తెరచాప అక్కరకు రాదు. పూర్వము ఆ పనిని తెడ్డును, గడయును, ఒడ్డున నడచి మోకు లాగువారి భుజములును చేసెడివి. 1980ల నుండి మన తీరమున పెక్కు నావలకు నూనె ఇంజనులు వచ్చినవి. ఇపుడు ఆ స్థానమున విద్యుత్ మోటారును పెట్టవచ్చునా, పెట్టిన గిట్టునా అనునది ప్రశ్న.

పెట్టవచ్చుననుట క్రొత్త మాట కాదు. 1838లో సెయింట్ పీటర్స్‌బర్గు నగరమున యాకోబి అను శాస్త్రజ్ఞుడు నీవా నదిపై సుమారు 12 మందిని ఎక్కించుకొని బ్యాటరీ పడవను నడిపెను. 1881లో పారిస్ నగరమున గుస్తావ్ త్రూవే సేన్ నదిపై నడిపిన పడవకు మోటారు చుక్కానికే బిగింపబడి యుండెను. పని తీరగానే దానిని పైకి ఎత్తివేయవచ్చును. అనగా మోటారు ఆనాడే సిద్ధము. చిక్కంతయు విద్యుత్తును వెంట మోసికొని పోవుటలో నున్నది.

బోరు మోటారుకు కరెంటు స్తంభము నుండి తీగ మీద వచ్చును. 2004 నుండి వ్యవసాయపు కరెంటు ఉచితమగుటచే మన రైతు యూనిట్లు లెక్కించుట మరచినాడు. అది మంచికో చెడ్డకో ఇచ్చట చర్చింపము. పడవవానికి తీగ లేదు. ప్రతి యూనిట్టును బ్యాటరీలో నింపుకొని, ఆ బ్యాటరీ బరువుతో సహా మోయవలెను.

ఒక లీటరు డీజిలు బరువు కిలోకు లోపు. అందులో సుమారు 10 యూనిట్ల శక్తి యున్నను, చిన్న ఇంజను దానిలో 3 యూనిట్లు మాత్రమే పంకాకు అందించి తక్కినది వేడిగను పొగగను పోగొట్టును. అయినను ఆ 3 యూనిట్లను లిథియం బ్యాటరీలో తీసికొనిపోవుటకు 25 నుండి 30 కిలోలు మోయవలెను. సీసపు బ్యాటరీ యైనచో 90 కిలోలు. అదియును సగమునకు మించి ఖాళీ చేయుచుండిన త్వరలో పాడగును గనుక, నిజమునకు దాని రెట్టింపు మోయవలసి వచ్చును. కరెంటు పోయినపుడు మన ఇండ్లలో దీపములు వెలిగించు 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో నున్నది 2 యూనిట్లకు తక్కువ. ఇంటి దీపములకు అది గంటల తరబడి చాలును. పడవకు అరగంట.

ఇచ్చట ఒక సంగతిని శ్రోతలు కొంచెము ఓపికతో వినవలెను. నిర్ణయమంతయు దానిపైననే ఆధారపడి యున్నది. పడవ నీటిని చీల్చుకొని పోవునపుడు ముందొక అలను, వెనుక నొక అలను లేపును. వేగము హెచ్చిన కొలది ఆ అల పొడవగును. అల పొడవు పడవ పొడవుతో సమానమైనపుడు పడవ రెండు అలల నడుమ పల్లములో చిక్కుకొని, తాను లేపిన అల మీదికే తాను ఎక్కజూచినట్లుండును. నీటి మట్టమున 25 అడుగుల పొడవు గల పడవకు ఈ హద్దు గంటకు సుమారు 12 కిలోమీటర్లు. ఆ హద్దును సమీపించిన కొలది రవంత వేగమునకు ఎంతో బలము వెచ్చింపవలెను. 3 టన్నుల అట్టి పడవను గంటకు 7 కిలోమీటర్ల చొప్పున నడుపుటకు ఇంచుమించు 2 కిలోవాట్లు చాలును. 11 కిలోమీటర్లు నడుపవలెనన్న 8 కిలోవాట్లయినను కావలెను. బ్యాటరీలో వాడదగినది 8 యూనిట్లున్నదనుకొందము. నెమ్మదిగా పోయిన 4 గంటలు, 28 కిలోమీటర్లు. తొందరపడిన 1 గంట, 11 కిలోమీటర్లు. పడవ అదే, బ్యాటరీ అదే.

పెనుకొండ మండలము ఎర్రమంచి వద్దనున్న కియా కర్మాగారము 2025లో విద్యుత్ కారును విడుదల చేసెను. దాని పెద్ద బ్యాటరీ 51.4 యూనిట్లది; ఒకసారి నింపిన కారు కొన్ని వందల కిలోమీటర్లు పోవును. ఆ బ్యాటరీనే మన పడవలో పెట్టి గంటకు 11 కిలోమీటర్ల వేగమున నడిపిన 70 కిలోమీటర్ల లోపుననే ఖాళీ యగును. తప్పు బ్యాటరీది కాదు. గాలి కంటె నీరు ఇంచుమించు 800 రెట్లు బరువు. కారు చక్రములపై దొర్లిపోవును. పడవ అడుగడుగున నీటిని త్రోసికొని పోవలెను. కారును చూచి పడవకు లెక్క వేయువారు మోసపోవుదురు.

అట్లయిన ఈ కొద్దిపాటి శక్తి దేనికి చాలును? గాలి నడకను గమనించిన తెలియును. నంది కొండలలో పుట్టి హిందూపురము ప్రక్కగా పోవు మన పెన్న నెల్లూరు జిల్లాలో సముద్రమున కలియును. ఆ తీరమున రాత్రి నేల చల్లబడగా గాలి నేల నుండి సముద్రము పైకి వీచును. పగలు నేల వేడెక్కగా మధ్యాహ్నమునకు సముద్రము నుండి నేల పైకి మరలును. వేకువకు ముందు మొదటి గాలితో వెడలి, రెండవ గాలితో ఇల్లు చేరుట తెరచాపలవారి ఆచారము. ఈ రెంటి నడుమ గాలి మలుపు తిరుగు వేళ చాప వ్రేలాడిపోవును. ఆ నిశ్చలము ఒకనాడు గంట, ఒకనాడు రెండు గంటలు. విద్యుత్ మోటారు సరిగా ఈ కొలతకు తగినది.

పెన్న సంగమమునకు దక్షిణమున, సూళ్లూరుపేట, తడల ప్రక్కన పులికాట్ సరస్సు కలదు. చాపలతో పడవలు నడుపు జాలరులు గల చోటు అది. దూరములు చిన్నవి, అలలు తక్కువ, ఒడ్డున కరెంటు ఉన్నది. కాగితముపై లెక్కకు ఇంతకన్న అనువైన చోటు దొరకదు. కాని లోతు సగటున మీటరు మాత్రమే. పంకాకు బురద తగులును, నాచు చుట్టుకొనును, ఇతరుల వలలు చిక్కును. త్రూవే పద్ధతిని పైకెత్తదగిన మోటారు తప్ప ఇచ్చట నిలువదు. గడ ఎటులను పడవలో ఉండవలసినదే. ఈ సరస్సు గుండనే పూర్వము చాప, గడ, మోకు మూడింటితోను పడవలు నడచిన బకింగ్‌హాం కాలువ పోవును. మద్రాసు నగరములోని దాని భాగము 1877–78లో, మన పెద్దలు ధాత కరువు అనెడి ఆ కరువులో, కూలి పనిగా త్రవ్వబడినది. అపుడు మన తాలూకాలు బళ్ళారి జిల్లాలోనివి. ఆ కరువు ఇచ్చట చేసిన నాశము వేరే ప్రసంగమునకు తగినది.

సముద్రము మాట వేరు. గాలివాన లేచినపుడు నావికుడు దానికి ఎదురొడ్డి గంటల తరబడి పూర్తి బలముతో ఒడ్డునకు రావలెను. నూనె ఇంజనుకు ఇంకొక డబ్బా నూనె పోసికొనవచ్చును. బ్యాటరీ ఖాళీ యైన నడిసముద్రమున నింపువారు లేరు. ప్రాణములతో కూడిన ఆ లెక్కలో విద్యుత్ మోటారు ఒక్కదానినే నమ్ముకొని దూరము పోవలదనియే మా అభిప్రాయము. ఒక సుగుణమును మాత్రము మేము, రేడియోవారము గనుక, చెప్పక తప్పదు: దానికి చప్పుడు లేదు. జాలరులకై ప్రసారమగు వాతావరణ హెచ్చరికలను ఇంజను ఆపకయే వినవచ్చును.

సూర్యుని మాట అనంతపురపు ఎండ నెరిగిన వారు తప్పక అడుగుదురు. ఒక చదరపు మీటరు పలక దినమునకు 1 యూనిట్టుకు కొంచెము తక్కువ ఇచ్చును. చాప నీడ పడిన ఇంకను తగ్గును. చిన్న పడవపై 3 చదరపు మీటర్లకు మించి చోటుండదు. అనగా దినమునకు గంటకు పైగా నెమ్మది నడక. తక్కువేమియు కాదు. కేరళలో వైకోము వద్ద 2017 జనవరి నుండి నడచుచున్న ఆదిత్య అను రేవు పడవ 75 మందిని ఎండ శక్తితో దాటించుచున్నది. దానికి చాప లేదు, పైకప్పంతయు పలకలే. దూరము తక్కువ, వేగము మితము, ప్రతి పర్యాయము చేరునది కరెంటున్న రేవునకే.

ఉప్పునీటి సంగతి మన పంపుసెట్ల వారికి క్రొత్త. బావి నీటిలో ఏండ్ల తరబడి నిలిచిన మోటారు సైతము ఉప్పునీట అచిరకాలముననే తుప్పు పట్టవచ్చును. సముద్రపు నీటికై చేసి మూతవేసిన మోటారే కావలెను. తీగల అతుకులు నీటి మట్టమునకు పైన, బ్యాటరీ గట్టి పెట్టెలో ఉండవలెను. పాత పంపు మోటారును పడవకు బిగింపవచ్చునని ఎవరైన చెప్పిన వినరాదు.

కొనదలచినవారు ముందుగా ఒక నెల దినములు చాప వ్రేలాడిన గంటలను ఏ పూటకాపూట వ్రాసికొనవలెను. దినమునకు 2 గంటలకు లోబడిన, పైన చెప్పిన 8 యూనిట్ల బ్యాటరీ సగము మిగులుచునే సరిపోవును. 4 గంటలు దాటిన నూనె ఇంజనే మేలు. రాత్రి ఇంటి 15 ఆంపియర్ ప్లగ్గుకు తగిలించిన ఆ 8 యూనిట్లు నిండుటకు సుమారు 4 గంటలు పట్టును.