బాధితులా... నేరస్థులా?

మంచి ఉద్యోగమని నమ్మించి తీసుకెళ్తారు. దిగగానే పాస్‌పోర్టు లాగేసుకుంటారు. ఆపై వాళ్లు చెప్పిందల్లా చేయాల్సిందే. అలా ఇరుక్కున్నవాళ్లు పోలీసులకు చిక్కితే... బాధితులనుకోవాలా, నేరస్థులనుకోవాలా? మనుషుల అక్రమ రవాణాపై పోరులో ఒక్కో దేశానిది ఒక్కో జవాబు!

ప్రపంచ దేశాలు ఈ నేరానికి ఓ ఉమ్మడి నిర్వచనం ఇచ్చుకున్నది 2000లో, ఐక్యరాజ్యసమితి పలెర్మో ప్రోటోకాల్‌తో. దోపిడీ కోసం మనిషిని మోసగించో బెదిరించో తరలించడమే కాదు, దాచి ఉంచడమూ నేరమే. మోసంతో పొందిన అంగీకారం చెల్లదు. పద్దెనిమిదేళ్లలోపు పిల్లలైతే మోసం జరిగిందని నిరూపించక్కర్లేదు. భారత్‌ దీన్ని 2011లో ఆమోదించింది.

కొనేవాడిదే తప్పు

డబ్బిచ్చి శరీరాన్ని కొనేవాడే దోషి, అమ్ముకునే మహిళకు శిక్ష లేదంటూ 1999లో స్వీడన్‌ చట్టం తెచ్చింది. కొనేవాళ్లు తగ్గితే ముఠాలకు గిరాకీ ఉండదన్నది దాని లెక్క. 2009లో నార్వే, 2016లో ఫ్రాన్స్‌ అదే బాట పట్టాయి. నెదర్లాండ్స్‌ది వేరే దారి. కళ్లెదుట ఉంటే తనిఖీ చేయొచ్చంటూ 2000లో వ్యభిచార గృహాలపై నిషేధం ఎత్తేసింది. అయితే లైసెన్సు చాటునా బలవంతపు వ్యాపారం సాగిన కేసులు తర్వాత బయటపడ్డాయి.

సంకెళ్లు లేకున్నా బానిసత్వమే

బ్రెజిల్‌ చట్టం ప్రకారం ఒళ్లు హూనమయ్యేలా పనిచేయించినా, మనుషులు ఉండలేని చోట ఉంచినా బానిసత్వమే. 1995 నుంచి అక్కడ కార్మిక అధికారులు పోలీసులతో కలిసి మారుమూల పొలాలపై దాడులు చేస్తున్నారు. దోషులైన యజమానుల పేర్లు ప్రభుత్వ ‘మురికి జాబితా’కి ఎక్కుతాయి. బ్రిటన్‌ 2015 చట్టం మరో అడుగు వేసింది. బానిసగా మార్చి చేయించిన నేరమైతే, కొన్ని తీవ్రమైనవి మినహా, బాధితులు శిక్ష తప్పించుకోవచ్చు.

మన దగ్గర...

రాజ్యాంగం 23వ అధికరణం మనుషుల అమ్మకాన్నీ వెట్టినీ నిషేధించింది. 2024 జులైలో అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత బిచ్చమెత్తించడాన్నీ దోపిడీ కింద చేర్చింది. కానీ 1956 నాటి చట్టంలోని 8వ సెక్షన్‌ కింద, బహిరంగంగా విటుణ్ని పిలిచిన మహిళకూ శిక్ష పడొచ్చు. ఆమెను అందులోకి దించిందెవరన్న ప్రశ్న అక్కడ వెనకబడిపోతుంది.

ముప్పు మగపిల్లలకూ ఉంది. డేటా ఎంట్రీ ఉద్యోగాలంటూ కాంబోడియా పంపి, సైబర్‌ మోసాలు చేయిస్తున్న ముఠాను 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు. విదేశీ ఉద్యోగమంటే ఏజెంటుకు విదేశాంగ శాఖ రిజిస్ట్రేషన్‌ ఉందో లేదో ‘ఈ-మైగ్రేట్‌’లో చూసుకోవాలి. టూరిస్టు వీసా మీద ఉద్యోగమంటే మాత్రం అక్కడే ఆగిపోవాలి!